కార్తె మారింది, కూర మారిందా?

కళ్యాణదుర్గంలో ఆశ్లేష కార్తె నాటి ఒక పొద్దున. రాత్రి వాన పడింది. మన వైపు వాన ఊరంతటికీ ఒక్కలా పడదు, ఒక చేను తడిసి గట్టు అవతలి చేను ఎండుగానే ఉంటుంది. అయినా మట్టి వాసన ఇంకా వీధిలోనే ఉంది. కూరగాయల అంగళ్ళన్నీ దాటాక, చివర్లో ఒక అవ్వ గోనెపట్టా పరుచుకుని కూర్చుంది. ఆమె ముందు టమాటాలు లేవు, బెండకాయలు లేవు. తడిగుడ్డ కప్పిన గంప ఒక్కటే ఉంది.

"ఏమాకు తెస్తివవ్వా?"

"గురుగాకు నాయనా. మొన్న పదును వాన పడె గదా, చేన్లో సాళ్ళ నడుమ లేసింది. ఈ నాలుగు దినాలే. కంకేసిందంటే మళ్ళ తినేకి రాదు."

నా సంచిలో ఆ రోజు కొనాల్సిన కూరల చీటీ ఉంది. దాన్ని మడిచి లోపల పెట్టి రెండు కట్టలు తీసుకున్నాను. ఇంటికొచ్చి కడిగితే నీళ్ళన్నీ ఎర్రమన్ను రంగు తిరిగాయి. మూడుసార్లు కడిగి, లేత కాడలతో సహా తరిగి, కందిపప్పులో వేశాను. పచ్చిమిరపకాయలు, ఒక ఎర్రగడ్డ, చిటికెడు పసుపు, చింతపండు. ఉడికాక పప్పుగుత్తితో బాగా ఎనిపి, చెనిక్కాయ నూనెలో తెల్లగడ్డ దంచి తిరగవాత పెట్టాను. ఆ మధ్యాహ్నం ఇంట్లో ఎవరూ ఫోను చూడకుండా అన్నం తిన్నారు. నేను అడిగి చేయించింది కాదు. ఏడాది తర్వాత మళ్ళీ పలకరించిన రుచి ముందు ఫోను గుర్తురాలేదు, అంతే.

ఆ అవ్వ అన్న "ఈ నాలుగు దినాలే" అనే మాట చుట్టూనే ఈ అధ్యాయం తిరుగుతుంది. రోజువారీ జీవితంలో సంతోషం తగ్గిపోతోందని చాలామంది నాతో అంటుంటారు. వాళ్ళ వంటింట్లోకి తొంగి చూస్తే జనవరిలోనూ జూలైలోనూ అవే ఐదారు కూరలు కనిపిస్తాయి. వంకాయ, బెండకాయ, ఆలుగడ్డ, టమాటా, క్యాబేజీ. ఏదీ కరువు లేదు, దేనికోసమూ ఎదురుచూపు లేదు. ఎదురుచూసి తిన్న కూరకు ఉండే రుచి, ఎప్పుడంటే అప్పుడు దొరికే కూరకు రాదని నేను గట్టిగా నమ్ముతాను. పోయిన ఆ ఎదురుచూపును వంటింట్లోకి తిరిగి తెచ్చుకోవడం ఎలాగో చెప్పాలని నా ప్రయత్నం.

ఇది నా ఒక్కరి అనుభవమే అయితే ఇంత ధీమాగా చెప్పేవాడిని కాదు. 2013లో జోర్డి క్వాయిడ్‌బాక్, ఎలిజబెత్ డన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు ఒక చిన్న ప్రయోగం ఫలితాలు ప్రచురించారు. కొందరిని వారం పాటు చాక్లెట్ ముట్టుకోవద్దన్నారు. కొందరికి బోలెడంత చాక్లెట్ ఇచ్చి ఇబ్బంది లేనంత వరకూ తినమన్నారు. మిగిలినవాళ్ళకు ఏ నియమమూ పెట్టలేదు. వారం గడిచాక అందరికీ చాక్లెట్ ముక్క ఇస్తే, మానుకుని ఉన్నవాళ్ళే దాన్ని ఎక్కువగా ఆస్వాదించారు, వాళ్ళ మనసే ఎక్కువ ఉల్లాసపడింది. మన మెట్ట సీమలో అలా మానుకోమని ఏ శాస్త్రవేత్తా చెప్పనక్కర్లేదు. ఇక్కడ ఆ పని ఆకాశమే చేస్తుంది.

అనంతపురం జిల్లాకు ఏడాదికి కురిసే వాన 550 మిల్లీమీటర్ల దరిదాపుల్లో ఉంటుంది. నైరుతి మబ్బును పడమటి కనుమలు ముందే పిండేసుకుంటాయి. ఈశాన్య రుతుపవనం తూర్పు తీరం నుంచి ఇంత లోపలికి వచ్చేసరికి బలం తగ్గిపోతుంది. రెండు వానలకూ చివరి పంక్తిలో కూర్చున్న నేల ఇది. ఉన్నంతలో ఎక్కువ వాన సెప్టెంబరులో పడుతుంది. అందువల్ల ఇక్కడ చేలగట్ల మీద పచ్చదనం కొన్ని వారాల ముచ్చట. ఆ కొన్ని వారాల్లో ఏది ఎప్పుడు వస్తుందో, ఎన్నాళ్ళు ఉంటుందో మన పెద్దవాళ్ళకు వేళ్ళ మీద లెక్క ఉండేది. ఆ లెక్క పేరు కార్తె.

గోడ మీదున్న లెక్క

సూర్యుడు ఒక నక్షత్రంలో ఉండే కాలం ఒక కార్తె. ఏడాదికి ఇరవై ఏడు, ఒక్కోటి పదమూడు పద్నాలుగు రోజులు. మృగశిర జూన్ 8 ప్రాంతంలో మొదలవుతుంది, ఆరుద్ర జూన్ 22 దగ్గర, స్వాతి అక్టోబరు నాలుగో వారంలో. మన ఇళ్ళలో వేలాడే తెలుగు క్యాలెండర్ల మీద ఇవన్నీ చిన్న అక్షరాల్లో అచ్చువేసే ఉంటాయి. రైతు ఇంకా వాటిని చూసే విత్తనం సంగతి మాట్లాడతాడు. వంటింట్లో మాత్రం మనం వాటిని చూడటం మానేశాం.

ఇలాంటి లెక్క మనకొక్కరికే లేదు. చైనాలో ఏడాదిని ఇరవై నాలుగు భాగాలు చేసుకున్నారు, ఆ విజ్ఞానాన్ని 2016లో యునెస్కో మానవజాతి సాంస్కృతిక వారసత్వ జాబితాలో చేర్చింది. అక్కడే దాన్నింకా సన్నగా తరిగి డెబ్భై రెండు చేశారు, ఒక్కోటి ఐదు రోజులు. ఆ లెక్కను జపాన్ వాళ్ళు తమ నేలకు తగ్గట్టు మార్చుకున్నారు. సీజనులో మొదటిసారి వచ్చిన చేపకూ కాయకూ వాళ్ళ దగ్గర ప్రత్యేకమైన పేరు, గౌరవం ఉన్నాయి. వాళ్ళను మెచ్చుకుంటూ రాసిన పుస్తకాలు మన నగరాల్లో బాగా అమ్ముడుపోతున్నాయి. మెచ్చుకోవలసిందే. అయితే మన గోడ మీద కూడా అలాంటి లెక్కే ఉందని ఆ పుస్తకం మూసేటప్పుడైనా ఒకసారి తలెత్తి చూడాలని నా కోరిక.

ఈ వారమే చేయగలిగిన పని ఒకటి చెబుతాను. మీ ఇంటి క్యాలెండరులో ఈ పక్షం ఏ కార్తె నడుస్తోందో వెతికి పెన్నుతో సున్నా చుట్టండి. తర్వాత కూరగాయల వీధికి చీటీ లేకుండా వెళ్ళండి. పెద్ద అంగడికి కాదు, నేల మీద కూర్చుని అమ్మేవాళ్ళ దగ్గరికి. వాళ్ళను మూడు మాటలు అడగండి. ఇది మీ చేన్లోదేనా? ఎన్ని దినాలుంటుంది? మీరు ఇంట్లో దీన్ని ఎట్ల చేస్తారు? మూడో ప్రశ్న వేసినప్పుడు వాళ్ళ ముఖం ఎలా మారుతుందో గమనించండి. బేరమాడే మనిషి పోయి, వంట చెప్పే మనిషి మన ముందుకు వస్తుంది. పక్కన కూర్చున్నామె "అట్లగాదు మే, చింతపండు తక్కువెయ్యాల" అని అందుకుంటుంది. నాకు తెలిసిన సగం వంటలు ఇలా రోడ్డు పక్కన నేర్చుకున్నవే.

ఇంటికొచ్చాక, ఆ పక్షంలో మొదటిసారి వండిన దాని పేరు సున్నా పక్కన రాయండి. పేరు ఒక్కటి చాలు.

వాన కాలపు ఆకుల సంగతి ఇంకొంచెం చెప్పాలి. గురుగు, చెంచలి, దొగ్గలి, తుమ్మి ఎవరూ విత్తి పెంచేవి కావు. చెనిక్కాయ సాళ్ళలో కలుపుగా మొలుస్తాయి. కలుపు తీసే ఆడవాళ్ళు లేతవి గిల్లి ఒడిలో కట్టుకుని ఇంటికి తెస్తారు. ఆ పూటకు కూర ఖర్చు లేదు. గురుగు పైకెదిగి తెల్లగా, గులాబిరంగు కొసలతో కంకి వేసేదాకా తినొచ్చు, ఆ తర్వాత ఆకు ముదిరి గరుకెక్కుతుంది. తుమ్మాకు కొంచెం చేదు, అది కొద్దిగానే, పప్పులోనే బాగుంటుంది. మీరే వెళ్ళి కోసుకోవాలనిపిస్తే ఆకు గుర్తుపట్టే మనిషిని వెంట తీసుకెళ్ళండి. మందు కొట్టిన చేన్లో, మురికి కాలువ ఒడ్డున ఆకు ముట్టుకోవద్దు. ఇప్పుడు కలుపును చంపే మందుల వాడకం పెరిగింది కాబట్టి చేను గలవాళ్ళను అడగకుండా ఒక్క ఆకు కూడా తుంచకండి.

చెనిక్కాయ తవ్విన రోజులు

వేరుశనగను మేం చెనిక్కాయ అంటాం. ఈ సీమ బతుకంతా దాని చుట్టూ అల్లుకుని ఉంది. జూలై ప్రాంతంలో విత్తితే అక్టోబరు, నవంబరు నెలల్లో చెట్టు పెరుకుతారు. ఆ రోజుల్లో చేను పక్కన నడుస్తుంటే పచ్చి కాయ, తడి మన్ను కలిసిన వాసన వస్తుంది. చెట్టును పట్టి దులిపితే కాయలు గలగలమంటాయి. చేన్లోనే ఎండు కట్టె మంట వేసి కాయలు కాల్చి, మసి పట్టిన వేళ్ళతో ఒలుచుకుని తినడం మా చిన్నతనపు పెద్ద విందు. ఇంట్లో ఉడకబెట్టిన కాయలకు ఆ రుచి సగమే వస్తుంది, ఆ సగం కూడా వదులుకోదగ్గది కాదు.

పచ్చి కాయను ఉడకబెట్టే తీరులో చిన్న కిటుకు ఉంది. మన్ను పోయేదాకా కడిగి, కాయలు మునిగేటన్ని నీళ్ళు పోసి, మీరు అనుకున్న దానికంటే కొంచెం ఎక్కువే ఉప్పు వేయండి. కుక్కర్లో మూడు నాలుగు కూతలు. దించగానే నీళ్ళు వంపేయకుండా అరగంట ఆ ఉప్పునీళ్ళలోనే వదిలేయండి. ఉప్పు పొట్టు దాటి గింజదాకా చేరేది ఆ అరగంటలోనే. తర్వాత వార్చి, గిన్నెను నేరుగా ఇంటి మధ్యలో పెట్టండి. ప్లేట్లలో పంచకండి. అందరి చేతులూ ఒకే గిన్నెలోకి వెళ్ళినప్పుడు మాటలు వాటంతటవే మొదలవుతాయి. పరీక్ష మార్కులు దాచిన పిల్లవాడు కూడా మూడో గుప్పెడు దగ్గర నిజం చెప్పేస్తాడు, మా ఇంట్లో అలాగే జరిగింది.

ఎండిన గింజతో ఊరుబిండి చేసుకుంటాం. గింజలు దోరగా వేయించి, పచ్చిమిరపకాయలు నూనెలో మగ్గించి, చింతపండు, తెల్లగడ్డ, ఉప్పు వేసి రోట్లో బరకగా నూరాలి. చివర్లో పచ్చి ఎర్రగడ్డ వేసి రెండు పోట్లు పొడవాలి. నీళ్ళు తక్కువ. రోలు లేకపోతే మిక్సీనే, కానీ ఆపి ఆపి తిప్పండి, మెత్తగా అయితే అది మామూలు చట్నీ అయిపోతుంది. వేడి ముద్దలోకి దీన్ని మించింది నాకు తెలియదు.

ఒక జాగ్రత్త మాత్రం బిగ్గరగా చెప్పాలి. పంట చివర్లో వాన ముఖం చాటేస్తే చెనిక్కాయకు ఒకరకమైన బూజు పట్టి, అందులో అఫ్లాటాక్సిన్ అనే విషం పుడుతుంది. అది కాలేయానికి చేటు. వేయించినా ఉడికించినా పూర్తిగా పోదు. మన జిల్లాలో పంట చివరి కరువు మామూలు కాబట్టి మనకే ఈ జాగ్రత్త ఎక్కువ అవసరం. ముడుచుకుపోయినవి, రంగు మారినవి, బూజు పట్టినవి ఏరి పారేయండి. నోట్లో ఒక గింజ చేదుగా తగిలితే మింగకుండా ఉమ్మేయమని పిల్లలకు నేర్పండి. ఏరిన గింజను బాగా ఎండబెట్టి, చెమ్మ తగలని చోట పెట్టండి. ఏరే పని విసుగు అనిపిస్తే సాయంత్రం పూట చాటలో పోసుకుని ఇంట్లో ఎవరితోనైనా మాట్లాడుతూ ఏరండి. చేతులకు పనుంటే పెద్దవాళ్ళు ఎన్నో పాత సంగతులు చెబుతారు.

అనపకాయ: మూడు రోజుల పండుగ

ఏడాది మొత్తంలో నేను ఎక్కువగా ఎదురుచూసేది దీనికోసమే. డిసెంబరు దాటుతుండగా, పొద్దున్నే మంచు పడుతున్నప్పుడు, అనపకాయలు వస్తాయి. వానల్లో చెనిక్కాయతో పాటు సాళ్ళుగా విత్తిన తీగలు, పెద్ద పంట ఇంటికి చేరాక అప్పుడు తీరిగ్గా కాస్తాయి. మంచు తగిలిన కాయకే వాసన ఎక్కువని మా వైపు అంటారు. ఒలిస్తే వేళ్ళకు జిడ్డుగా ఒక పరిమళం అంటుకుంటుంది, సబ్బుతో కడిగినా వెంటనే పోదు. సరిహద్దు అవతల కన్నడం వాళ్ళకూ ఇదంటే ప్రాణం. వాళ్ళు అవరెకాయి అంటారు, బెంగళూరులో దీని పేరున మేళానే జరుపుతారు. పని వెతుక్కుంటూ అక్కడ స్థిరపడిన మన వైపు కుటుంబాలు ఎన్నో. వాళ్ళకు ఆ మేళా వీధిలో ఊరి వాసన దొరుకుతుంది.

ఒక్క కాయను మూడు రోజులు ఎలా పండుగ చేసుకోవచ్చో చూడండి.

మొదటి రోజు ఏ హంగూ వద్దు. గింజ నిండిన కాయలను పొట్టుతోనే ఉప్పునీళ్ళలో ఉడికించి తినండి. రెండో రోజు గింజలు ఒలిచి, వంకాయ వేసి, చింతపండు పులుసు పెట్టండి. మూడో రోజు పితికిపప్పు.

పితికిపప్పు తినాలంటే ముందురోజు రాత్రే మనసు పెట్టాలి. ఒలిచిన గింజలను నీళ్ళలో నానబెట్టాలి. పొద్దునకు గింజ ఉబ్బి తోలు వదులవుతుంది. ఒక్కో గింజను బొటనవేలు, చూపుడువేలు నడుమ పట్టి నొక్కితే లోపలి పప్పు చటుక్కున ఎగిరి గిన్నెలో పడుతుంది. అలా పితికేది కాబట్టి పితికిపప్పు. నలుగురికి సరిపడా కావాలంటే వందల గింజలు పితకాలి. ఒక్క మనిషి చేస్తే నడుం పట్టేస్తుంది, నలుగురు కూర్చుంటే అరగంట పని. పిల్లలు దీన్ని ఆటగా చేసుకుంటారు, ఎవరి పప్పు ఎంత దూరం ఎగిరిందో చూసుకుంటారు. పితికిన పప్పును ఎర్రగడ్డ, అల్లం, తెల్లగడ్డ, ధనియాలు, రెండు లవంగాలు, కొబ్బరి నూరిన మసాలాలో ఉడికించాలి. తొందరగా ఉడుకుతుంది, ఎక్కువసేపు ఉంచితే పప్పు చెదిరిపోతుంది.

దీనికి జోడి రాగి ముద్ద. గుప్పెడు నూకలు మూడు గ్లాసుల నీళ్ళలో మెత్తగా ఉడికించి, పైన గ్లాసెడు రాగిపిండి కుప్పగా పోయండి. వెంటనే కలపకండి. కట్టెతో పిండి నడుమ ఒక బొక్క పెట్టి, మూత వేసి, సన్న సెగన పది నిమిషాలు వదిలేయండి. అప్పుడు దించి, గిన్నెను కాళ్ళతో అదిమి పట్టుకుని కట్టెతో గట్టిగా కెలకాలి. తడిచేత్తో ఉండలు చేయాలి. మొదటిసారి ఉండలు కట్టినా దిగులు పడకండి, ఈ విద్య చేతికి రావడానికి నాలుగైదు పూటలు పడుతుంది. రాగుల్లో నూరు గ్రాములకు మూడు వందల మిల్లీగ్రాములకు పైగా కాల్షియం ఉంటుంది, అదే బరువు పాలల్లో ఉన్నదానికి రెండింతలకు మించి. ఎముకలు గుల్లబారే వయసులో ఉన్నవాళ్ళకు ఈ సంగతి పనికొస్తుంది.

ఇక్కడ మగవాళ్ళతో ఒక మాట చెప్పాలి. ఇంటి వంటలోని ఆనందాల గురించి రాసే చాలామంది, ఆ ఆనందం వెనక పొయ్యి దగ్గర నిలబడ్డ మనిషిని మరిచిపోతారు. కార్తెకో కూర అని ఈ అధ్యాయం చదివి మీరు ఉత్సాహపడి, ఆ బరువంతా ఇంట్లో ఆడవాళ్ళ మీద వేస్తే ఇది రాసినందుకు నేను బాధపడతాను. ఒలిచే పని, ఏరే పని, పితికే పని, ముద్ద కెలికే పని మీవి. అవి చేయడం వచ్చాకే పితికిపప్పు నాకు నిజంగా రుచించింది.

ఆకలితో ఎదురుచూసిన వాళ్ళు

ఎదురుచూపు గురించి ఇంత తియ్యగా మాట్లాడుతున్నప్పుడు నాకు మా అవ్వ గుర్తొస్తుంది. 1952 నాటి కరువులో రాయలసీమలో గంజి కేంద్రాలు తెరిచారు. వానకోసం, గంజికోసం వరసలో నిలబడి ఎదురుచూసిన తరం ఆమెది. అంతకు ముందు 1876లో మొదలైన ధాత కరువు మాట ఆమె తన పెద్దల నోట విన్నది. ఆకలితో చూసే ఎదురుచూపులో ఏ ఆనందమూ లేదు. నేను చెప్పేది కడుపు నిండినవాళ్ళు కావాలని చేసుకునే ఎదురుచూపు గురించి మాత్రమే. ఈ తేడా మరిచి, కరువు తిండిని గొప్పగా పొగడటం ఆ తరానికి మనం చేసే అన్యాయం.

అందుకే 1983లో రెండు రూపాయలకు కిలో బియ్యం వచ్చినప్పుడు కొర్రన్నం, జొన్న సంగటి తినే ఇళ్ళు వరి అన్నానికి ఎందుకు అంత ఇష్టంగా మారాయో నాకు అర్థమవుతుంది. తెల్లన్నం అంతదాకా పండుగ నాటి తిండి. అది రోజూ పళ్ళెంలోకి వచ్చింది. చేలల్లో కూడా కొర్ర, సజ్జ, జొన్న తగ్గి, డబ్బు తెచ్చే చెనిక్కాయ లక్షల హెక్టార్లకు పాకింది. ఎవరినీ తప్పు పట్టడానికి లేదు. కాకపోతే ఆ మార్పులో పదిరకాల గింజల రుచి ఒక్క తరంలో మన నాలుక మరిచిపోయింది. 2023ను ఐక్యరాజ్యసమితి చిరుధాన్యాల సంవత్సరంగా ప్రకటించాక అవే కొర్రలు అందమైన పొట్లాల్లో, బియ్యం కంటే ఎక్కువ ధరకు నగరాలకు చేరాయి. మన జిల్లాలోనే చెన్నేకొత్తపల్లి దగ్గర 1990లో మొదలైన టింబక్టు కలెక్టివ్ లాంటి సంస్థలు, ఈ గింజలను పండించే రైతుతోనే నిలబెట్టాలని ఏళ్ళ తరబడి పాటుపడుతున్నాయి. (జిల్లాల విభజన తర్వాత 2022 నుంచి ఆ ఊరు శ్రీ సత్యసాయి జిల్లాలోకి వెళ్ళింది, నాకు మాత్రం ఇంకా మన జిల్లా అనే నోటికొస్తుంది.)

కొర్రలు మొదలుపెట్టాలనుకుంటే రోజూ అన్నం మానేయనక్కర్లేదు. వారానికి ఒక పూట చాలు. ఎక్కువ పాలిష్ పట్టని గింజ అడిగి తీసుకోండి. గంట నానబెట్టి, ఒకటికి రెండున్నర నీళ్ళు పోసి వండండి. దాంట్లోకి పల్చటి పులుసులే బాగుంటాయి, గట్టి వేపుళ్ళు గొంతులో పట్టుకుంటాయి.

మండువేసవి

ఎండాకాలాన్ని తొందరగా దాటేస్తాను, ఆ కాలంలో వంటిల్లు కూడా అదే కోరుకుంటుంది. ఉగాదికి ఓళిగలు చేసేటప్పుడు పప్పు ఉడికిన నీళ్ళు పారబోయకండి. ఆ కట్టులో కొంచెం పూర్ణం, చింతపండు, మిరియాలు, జీలకర్ర, తెల్లగడ్డ వేసి కట్టుచారు కాచండి. పండుగనాటి కంటే మర్నాడు బాగుంటుంది. శ్రీరామనవమికి కోసంబరి, పానకం. ఏప్రిల్ చివరికి చింతచిగురు వస్తుంది, అది కూడా కొన్ని దినాల చుట్టమే. రోహిణి కార్తె ఎండల్లో పొద్దున్నే రాగి అంబలి, దాంట్లో మజ్జిగ, తరిగిన ఎర్రగడ్డ, నంజుకోవడానికి వేయించిన మజ్జిగ మిరపకాయ. ఆ మిరపకాయలు ఎండేది మేడ మీద ఆ ఎండలోనే, కాబట్టి ఆ ఎండను తిట్టుకుంటూనే దాన్ని వాడుకుంటాం.

అపార్ట్‌మెంట్లో ఉంటూ ఇవన్నీ ఎక్కడ కుదురుతాయని బెంగళూరు నుంచి ఒక బంధువు అడిగింది. ఆమెకు చెప్పిందే మీకూ చెబుతాను. ఇరవై ఏడు కార్తెల్లోనూ చేయనక్కర్లేదు. ఏడాదికి ఆరు ఎంచుకోండి. ఆ ఆరింటిలో ఆ కాలానికే వచ్చే ఒక్క పదార్థం చాలు. దాన్ని మిగతా ఏడాది కొనకండి, ఫ్రీజర్‌లో దాచినది దొరికినా సరే. ఈ రెండో షరతే కష్టం, అదే ముఖ్యం. ఆమె మొదటి ఏడాది అనపకాయ, చింతచిగురు మాత్రమే పట్టుకుంది. రెండో ఏడాది ఊరికి ఫోను చేసి "అత్తా, చింతచిగురు వచ్చిందా ఇంకా?" అని మార్చి నెలలోనే అడగడం మొదలుపెట్టింది. అంతకు ముందు ఆ ఫోను పండుగలకే వచ్చేది.

దొరికిన రోజున మొదటి గిన్నె పక్కింటికి పంపడం కూడా మా ఇంటి అలవాటు. తిరిగి వచ్చే గిన్నె ఎప్పుడూ ఖాళీగా రాదు.

నా వంటింటి క్యాలెండర్లను నేను పారేయలేదు. బీరువా పైన చుట్టగా చుట్టి పెట్టాను. అప్పుడప్పుడు దించి విప్పుతాను. నూనె మరకలు, పెన్సిలు రాతలు. ఒక ఏడాది ఆశ్లేష దగ్గర "గురుగు, రెండు కట్టలు, పప్పు" అని ఉంది. 2021 నవంబరులో, అనూరాధ దగ్గర, "విడవని వాన. పెరికిన చెనిక్కాయ చేన్లోనే మొలకెత్తింది" అని రాసుకున్నాను. ఇంకొక చోట పిల్లవాడి చేతిరాతలో "పితికిపప్పు. నాది అందరికంటే దూరం పోయింది". 2018 కాగితం మీద ఆశ్లేష, మఖ, పుబ్బ మూడింటికీ సున్నాలు చుట్టి ఉన్నాయి, పక్కన ఏమీ రాసి లేదు. ఆ ఏడు వాన రాలేదు. ఆ అవ్వ కూర్చునే చోటు ఉత్త గోనెపట్టా కూడా లేకుండా ఉండింది. మరుసటి ఏడు ఉత్తర కార్తె దగ్గర మళ్ళీ నా రాత ఉంది: "అవ్వ వచ్చింది. గురుగు ముదిరింది. అయినా తెచ్చాను."